సీజన్ నడుస్తుండగా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ పనితీరును తూకం వేయడం ఎలా?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ నవంబరు మొదట్లో ప్రారంభమై ఏప్రిల్ మొదటి వారంలో ముగుస్తుంది. ఇన్ని నెలల్లో ఒక్కో జట్టు టోర్నమెంట్‌లను మినహాయించి ఆడేది సుమారు 30 మ్యాచ్‌లే. కోచ్‌ల మీద తీర్పులు అంత తొందరగా తారుమారు కావడానికి ఈ తక్కువ సంఖ్యే ప్రధాన కారణం. వరుసగా మూడు ఓడితే తొలగించాలన్నవారే, ఆ తరువాత నాలుగు గెలిస్తే ఒప్పందం పొడిగించాలంటారు. గెలుపోటముల పట్టికలో ఆటగాళ్ల నైపుణ్యం, ప్రత్యర్థుల స్థాయి, గాయాలు, అదృష్టం, కోచ్ పనితనం అన్నీ కలగలిసి ఉంటాయి. వాటిలో కోచ్ వంతు ఎంతో విడదీయగలిగినప్పుడే అది అంచనా అవుతుంది, లేకపోతే కేవలం అభిమానమో ఆగ్రహమో అవుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నారు కనుక, ముందుగా ఆయన చేతిలో ఉన్న పిండి ఎంతో తేల్చుకోవాలి.

ఆ పని నవంబరులో, మొదటి మ్యాచ్‌కు ముందే జరగాలి. ఈ జట్టు ఎక్కడిదాకా వెళ్లగలదని మీరు నమ్ముతున్నారో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టుకోండి. జనవరిలో రాసుకునే అంచనా అప్పటికే చూసిన ఫలితాలకు లోబడి ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. నిరుడు ఆడిన నిమిషాలలో ఎంత భాగం ఆడినవారు తిరిగి వచ్చారు, వెళ్లిపోయినవారి స్థానాలు ఎవరితో నిండాయి, కొత్తవారిలో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చినవారెందరు, ఇతర కాలేజీలలో ఆడి వచ్చినవారెందరు అన్న వివరాలు అందులో ఉండాలి. జట్ల బలాన్ని గణాంకాలతో లెక్కించే కెన్ పొమెరాయ్ రేటింగ్‌లలో సీజన్‌కు ముందు వచ్చే స్థానాన్ని, అసోసియేటెడ్ ప్రెస్ తొలి పోల్‌ను కూడా పక్కన రాసుకోవచ్చు. అయితే మీ అంచనా వాటికి నకలు కాకూడదు. పోల్‌లో ఓటు వేసే విలేఖరులు పేరున్న విశ్వవిద్యాలయాల వైపు కొంత మొగ్గు చూపుతారు కాబట్టి, ఆ జాబితాను కొలబద్దగా కాక సాక్ష్యాలలో ఒకటిగా మాత్రమే వాడుకోవాలి.

చేతిలో ఉన్న వనరులు అన్నప్పుడు ఇప్పుడొక చిక్కు ఉంది. 2018 అక్టోబరులో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. 2021లో ఆటగాళ్లు ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనవసరం లేని నిబంధన వచ్చింది. అదే ఏడాది జులై 1 నుంచి తమ పేరు, రూపం, గుర్తింపు మీద వారు డబ్బు సంపాదించుకునే వీలు కలిగింది. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా ఆడవచ్చు. ఆటగాళ్లు వేసిన హౌస్ దావాలో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు తమ ఆదాయంలో వాటాను నేరుగా ఆటగాళ్లకు ఇవ్వడం ప్రారంభించాయి. పూర్వం నాలుగేళ్లు తన దగ్గర పెరిగిన ఆటగాళ్లతో కోచ్ ఎలా ఆడించాడన్నది ప్రశ్నగా ఉండేది. ఇప్పుడు ఆరు నెలల క్రితం ఒకరినొకరు ఎరుగని పదిమందిని జట్టుగా ఎలా కలిపాడన్నది కూడా ప్రశ్నే అయింది. కాబట్టి ఆటగాళ్ల ఎంపికను కోచ్ ఖాతాలోనే వేయాలి, కానీ శిక్షణకు, వ్యూహానికి ఇచ్చే మార్కులతో దాన్ని కలపకూడదు. 2025లో ఫ్లోరిడాను విజేతగా నిలిపిన టాడ్ గోల్డెన్ జట్టులో గార్డులుగా (బంతిని నడిపించే ఆటగాళ్లుగా) నిలబడిన ముగ్గురూ బయటి నుంచి వచ్చినవారే: వాల్టర్ క్లేటన్ జూనియర్ అయోనా నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చారు. వారిని గుర్తించి తెచ్చుకోవడం ఒక పని, హ్యూస్టన్‌తో జరిగిన ఫైనల్‌లో రెండో అర్ధభాగంలో 12 పాయింట్లు వెనుకబడి 65-63తో గెలవడం మరొక పని. రెంటికీ ఒకే మార్కు వేస్తే ఏది ఎక్కడ తేలిందో తెలియకుండా పోతుంది. నిధులు తక్కువ ఉన్న కాన్ఫరెన్స్‌లోని (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమిలోని) కోచ్ విషయంలో ఈ విభజన మరీ ముఖ్యం. ఆయన తీర్చిదిద్దిన ఆటగాణ్ని పెద్ద విశ్వవిద్యాలయం ఎగరేసుకుపోతే, ఆ నష్టంలో ఆయన పనితనం లోపం సాధారణంగా ఏమీ ఉండదు.

సీజన్ మొదలయ్యాక పాయింట్ల సగటులను పక్కన పెట్టి పొసెషన్ లెక్క చేయడం నేర్చుకోవాలి. పొసెషన్ అంటే బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి ఎదుటి జట్టు చేతికి పోయేవరకు జరిగే ఆట. టోనీ బెనెట్ కోచ్‌గా ఉన్నప్పుడు వర్జీనియా దేశంలోకెల్లా నెమ్మదిగా ఆడే జట్లలో ఒకటిగా ఉండేది. ఆ జట్టు ప్రత్యర్థులకు తక్కువ పాయింట్లు ఇచ్చిందంటే అందులో రక్షణ గొప్పతనం ఎంతో, పొసెషన్‌ల సంఖ్యే తక్కువ కావడం వల్ల కలిగినది ఎంతో సగటు చెప్పదు. అదే విధంగా వేగంగా ఆడే జట్టు 85 పాయింట్లు చేసినంత మాత్రాన దాని దాడి బాగుందని అర్థం కాదు.

లెక్క కష్టమేమీ కాదు, మ్యాచ్ స్కోరు పట్టికలో కావలసినవన్నీ ఉంటాయి. వేసిన షాట్‌ల సంఖ్యలోంచి దాడిలో దక్కిన రీబౌండ్‌లను (తమ షాట్ తప్పాక తామే తిరిగి పట్టిన బంతులను) తీసివేసి, టర్నోవర్‌లను (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకున్న సందర్భాలను) కలిపి, ఫ్రీ త్రోల (ఎదుటివారి ఫౌల్‌కు దక్కే అడ్డులేని షాట్‌ల) సంఖ్యను 0.475తో గుణించి వచ్చినదాన్ని కూడా కలపాలి. ఉదాహరణకు ఒక జట్టు 58 షాట్‌లు వేసి, 9 దాడి రీబౌండ్‌లు పట్టి, 11 టర్నోవర్‌లు చేసి, 18 ఫ్రీ త్రోలు వేసిందనుకుందాం. 58లోంచి 9 తీసివేసి 11 కలిపితే 60, దానికి 8.55 కలిపితే సుమారు 68.6 పొసెషన్‌లు. జట్టు చేసిన పాయింట్లు 75 అయితే 100 పొసెషన్‌లకు 109 పైచిలుకు పాయింట్లు వచ్చినట్లు. రక్షణ కోసం ఎదుటి జట్టుకూ ఇదే లెక్క చేసి, రెంటి తేడా చూసుకోవాలి. ప్రత్యర్థుల స్థాయికి సర్దుబాటు చేసిన అంకెలను పొమెరాయ్ లాంటివారు రోజువారీగా ఇస్తారు కాబట్టి సీజన్ మొత్తానికి వాటినే వాడుకోవచ్చు. అయినా కొన్ని మ్యాచ్‌లకైనా చేత్తో లెక్క వేసి చూడటం మంచిది, ఏ అంకె ఎందుకు కదులుతుందో అలా చేస్తేనే పట్టుబడుతుంది.

ఈ అంకెలతో ప్రతి మ్యాచ్‌కూ ఒక అంచనా తేడా తయారు చేసుకోవచ్చు. మీ జట్టు సర్దుబాటు తేడా 100 పొసెషన్‌లకు +18, వచ్చే ప్రత్యర్థిది +10, మ్యాచ్‌లో 68 పొసెషన్‌లు ఉంటాయని అనుకుంటే, 8ని 0.68తో గుణిస్తే 5.4 వస్తుంది. సొంత మైదానమైతే దానికి సుమారు 3 పాయింట్లు కలపాలి. అంటే ఆ రోజు మీ జట్టు 8 పాయింట్లతో గెలవడం మామూలు సంగతి, 2 పాయింట్లతో గెలిస్తే గెలిచినా అంచనాకు తక్కువే. అదే ప్రత్యర్థి మైదానంలో 2 పాయింట్ల తేడాతో ఓడితే, 5.4లోంచి 3 పోగా మిగిలేది 2.4 కనుక, అంచనాకు నాలుగైదు పాయింట్లు తక్కువగా ఆడినట్లు. పుస్తకంలో ఒక నిలువు వరుసలో అంచనా తేడా, మరొక వరుసలో అసలు తేడా రాసుకుంటూ వచ్చి, ఐదేసి మ్యాచ్‌ల సగటును చూడండి. ఒక్క మ్యాచ్ ఏమీ చెప్పదు. ఐదు మ్యాచ్‌లు కాస్త సూచిస్తాయి. పది మ్యాచ్‌ల పాటు ఒకే దిశలో పోతుంటే అక్కడ నిజంగానే ఏదో జరుగుతోంది. ఫలితం తేలిపోయాక బెంచి చివరివారు ఆడిన నిమిషాలలో వచ్చిన తేడాను మాత్రం తీసివేయాలి.

కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఎంపిక సంఘం వాడే నెట్ ర్యాంకింగ్‌ను, మ్యాచ్‌లను కష్టాన్ని బట్టి నాలుగు వర్గాలు చేసే క్వాడ్రంట్‌లను కూడా చాలామంది కోచ్‌కు మార్కులు వేయడానికి వాడుతుంటారు. 2018-19లో ఆర్‌పీఐ అనే పాత ర్యాంకింగ్ స్థానంలో వచ్చిన ఈ పద్ధతి టోర్నమెంట్‌కు జట్లను ఎంచుకోవడానికి పుట్టినది. సొంత మైదానంలో 1 నుంచి 30 స్థానాల జట్టుతో, తటస్థ వేదికలో 1 నుంచి 50 స్థానాల జట్టుతో, బయట 1 నుంచి 75 స్థానాల జట్టుతో ఆడినది మొదటి క్వాడ్రంట్ మ్యాచ్ అవుతుంది. షెడ్యూల్ ఎంత కఠినమో ఒక్క చూపులో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. కానీ 75వ స్థానానికి, 76వ స్థానానికి మధ్య గీత గీసి, ఇటు గెలిస్తే ఘనత, అటు గెలిస్తే సాధారణం అనుకోవడం కోచ్ పనిని కొలవడానికి అక్కరకు రాదు. నవంబరు, డిసెంబరు నెలల్లో డబ్బు చెల్లించి చిన్న జట్లను తమ మైదానానికి పిలిపించుకుని గెలిచే మ్యాచ్‌ల వల్ల ఉబ్బిన గెలుపుల సంఖ్యను కరిగించుకోవడానికి మాత్రం క్వాడ్రంట్ పట్టికను తప్పక చూడాలి.

సామర్థ్యం పెరిగిందో తగ్గిందో తెలిశాక, ఎక్కడ అన్నది చూడాలి. గణాంకుడు డీన్ ఆలివర్ మ్యాచ్ ఫలితాన్ని నాలుగు అంశాలుగా విడదీశాడు: షాట్‌ల నాణ్యత, టర్నోవర్‌లు, దాడి రీబౌండ్‌లు, ఫ్రీ త్రో అవకాశాలు. వాటికి ఆయన వేసిన బరువులు వరుసగా సుమారు 40, 25, 20, 15 శాతం. షాట్‌ల నాణ్యతను కొలిచేటప్పుడు లోపల పడిన మూడు పాయింట్ల షాట్ ఒక్కోదానికి అర షాట్ అదనంగా కలుపుతారు. పై ఉదాహరణలోని జట్టు వేసిన 58 షాట్‌లలో 26 లోపల పడి, వాటిలో 8 మూడు పాయింట్లవి అయితే, 26కు 4 కలిపి 58తో భాగిస్తే 51.7 శాతం వస్తుంది. ఈ నాలుగింటిలో కోచ్ చేయి అన్నింటి మీదా ఒకేలా ఉండదు. రీబౌండ్‌కు ఎంతమందిని పంపాలి, ఎంతమందిని వెనక్కు పరుగెత్తించాలి అన్నది పూర్తిగా ఆయన నిర్ణయం. టర్నోవర్‌లు సగం శిక్షణ, సగం గార్డుల నైపుణ్యం. ఎలాంటి షాట్‌లు వేస్తున్నారన్నది ఆయన బాధ్యత, వేసిన షాట్‌లు పడ్డాయా లేదా అన్నది చాలావరకు కాదు. రింగ్ దగ్గర, మూడు పాయింట్ల గీత బయట ఎన్ని, మధ్య దూరం నుంచి రక్షకుడు చేయి అడ్డం పెట్టినా వేసినవి ఎన్ని అని లెక్కపెడితే, జట్టు ఓడిన రోజున కూడా మంచి కోచింగ్ కనిపించవచ్చు.

అదృష్టం అన్న మాటను ఇక్కడ సాకుగా కాక లెక్కగా వాడాలి. ప్రత్యర్థులు ఫ్రీ త్రోలు ఎంత శాతం వేశారన్నది కోచ్ చేతిలో లేదు, ఆ షాట్‌ను అడ్డుకునేవారు ఎవరూ ఉండరు కదా. ఆశ్చర్యమనిపించినా, ప్రత్యర్థుల మూడు పాయింట్ల శాతం విషయంలోనూ రక్షణ పాత్ర చాలామంది అనుకునేదానికంటే తక్కువ. ఆ షాట్‌లను ఎన్ని వేయనిచ్చారన్నది మాత్రం రక్షణ చేతిలో చాలావరకు ఉంటుంది. కాబట్టి డిసెంబరులో ప్రత్యర్థులు 28 శాతం వేసి, జనవరిలో 38 శాతం వేస్తే, రక్షణ కుప్పకూలిందని తేల్చేముందు వారి మొత్తం షాట్‌లలో మూడు పాయింట్ల షాట్‌ల వాటా మారిందేమో చూడండి. వాటా అలాగే ఉంటే ఎక్కువ భాగం అదృష్టం తిరగబడింది, వాటా కూడా పెరిగితే కోచ్‌ను నిలదీయవలసిందే. ఇక 5 పాయింట్ల లోపు తేడాతో తేలిన మ్యాచ్‌లను విడిగా రాసుకోవాలి. అలాంటివి ఎనిమిదింటిలో ఏడు గెలిచిన కోచ్‌ను ఒత్తిడిలో నిగ్రహం నేర్పినవాడని పొగుడుతారు. మరుసటి ఏడాది అదే కోచ్ ఎనిమిదింటిలో మూడే గెలిస్తే ఆ నిగ్రహం ఎటు పోయిందో ఎవరూ చెప్పలేరు. ఆట చివరి క్షణాల్లో నేర్పు అనేది లేదని కాదు, ఎనిమిది మ్యాచ్‌లలో దాన్ని పోల్చుకోలేమని మాత్రమే.

ఇక చూసి తెలుసుకోవలసినవి. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది, కోచ్‌ను అంచనా వేసేవాడు బంతి లేని చోట చూడాలి. ఎదుటి జట్టు ఒకే స్క్రీన్‌ను (రక్షకుడి దారికి తమ ఆటగాణ్ని అడ్డం నిలిపే ఎత్తును) మూడుసార్లు వాడి మూడుసార్లూ రింగ్ దగ్గర షాట్ సంపాదిస్తే, నాలుగోసారి రక్షణలో మార్పు కనిపించిందా? ఎన్ని పొసెషన్‌ల తరువాత కనిపించింది? పురుషుల కాలేజీ మ్యాచ్‌లు టీవీలో వచ్చేటప్పుడు, ప్రతి 20 నిమిషాల అర్ధభాగంలోనూ 16, 12, 8, 4 నిమిషాల గుర్తులు దాటాక ఆట మొదటిసారి ఆగినప్పుడు ప్రకటనల విరామం వస్తుంది. కాబట్టి కోచ్‌కు ఆటగాళ్లతో మాట్లాడే అవకాశం తన సొంత టైమౌట్‌లు వాడకుండానే పలుమార్లు దొరుకుతుంది. ఆ విరామం ముగిసిన వెంటనే జట్టు ఆడే మొదటి పొసెషన్‌ను ప్రతి మ్యాచ్‌లోనూ రాసుకోండి. గీసి చూపించిన ఆట కనిపించిందా, లేక ఒక ఆటగాడు బంతిని నేల మీద కొడుతూ షాట్ వేయడానికి గడువైన 30 సెకన్ల షాట్ క్లాక్‌లో 20 సెకన్లు కరిగించాడా అన్నది తెలుస్తుంది. షాట్ పడిందా లేదా అన్నదానికి ఇక్కడ విలువ లేదు. నెల తిరిగేసరికి ఈ చిన్న పట్టిక విలేఖరుల విశ్లేషణల కంటే ఎక్కువ చెబుతుంది. మహిళల ఆట 2015-16 నుంచి 10 నిమిషాల నాలుగు క్వార్టర్లుగా సాగుతోంది కాబట్టి విరామాల అమరిక వేరుగా ఉంటుంది, పద్ధతి మాత్రం ఇదే.

ప్రత్యర్థి వరుసగా 9 పాయింట్లు చేసినప్పుడు టైమౌట్ తీసుకోలేదని కోచ్‌ను తిట్టేవారు ప్రతి ఇంటర్నెట్ చర్చలోనూ ఉంటారు. ఆ ఆరోపణకు నేను పెద్దగా విలువ ఇవ్వను. అలాంటి ఊపులు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, టైమౌట్ తరువాత తగ్గితే ఆ ఘనత టైమౌట్‌కు దక్కుతుంది. రెండు ఫౌల్‌ల విషయంలో మాత్రం నా పట్టింపు ఎక్కువ. కాలేజీ ఆటలో ఐదో ఫౌల్‌తో ఆటగాడు బయటకు పోవాలి. అందుచేత మొదటి అర్ధభాగంలో ఎనిమిదో నిమిషంలో ఉత్తమ ఆటగాడికి రెండో ఫౌల్ పడగానే చాలామంది కోచ్‌లు అతణ్ని విరామం దాకా బెంచి మీద కూర్చోబెడతారు. అతడు 12 నిమిషాలు కూర్చుని, మ్యాచ్‌ను మూడు ఫౌల్‌లతో ముగిస్తే, ఫౌల్‌ల వల్ల పోతాయని భయపడిన నిమిషాలను కోచే స్వయంగా తీసివేశాడన్నమాట. ఏ ఆటగాడు ఎంత జాగ్రత్తగా ఆడగలడో తెలిసి ఒక్కొక్కరి విషయంలో వేరువేరుగా నిర్ణయించే కోచ్‌కు, అందరికీ ఒకే సూత్రం అంటగట్టే కోచ్‌కు మధ్య తేడా సీజన్ మొత్తం మీద గట్టిగానే తేలుతుంది.

చివరి నిమిషపు నిర్ణయాలను అంచనా వేయడంలో ఒకే ఒక్క నియమం ఉంది: బంతి రింగ్‌ను తాకేముందే తీర్పు రాసుకోవాలి. మూడు పాయింట్ల ఆధిక్యంతో ఆరు సెకన్లు మిగిలి ఉండగా ప్రత్యర్థికి ఫౌల్ చేసి రెండు ఫ్రీ త్రోలు ఇవ్వాలా, లేక రక్షణనే నమ్ముకోవాలా అన్నదానిపై వాదన చాలాకాలంగా సాగుతోంది, రెండు వైపులా సబబైన కారణాలున్నాయి. కాబట్టి ఏది ఎంచుకున్నాడన్నదాని కంటే, ఎంచుకున్నదాన్ని ఆటగాళ్లు తడబాటు లేకుండా చేశారా అన్నది చూడాలి. ఎవరిని ఫౌల్ చేయాలో తెలియక ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ఆ సందర్భాన్ని అభ్యాసంలో చేయించలేదని స్పష్టమవుతుంది.

2024 మార్చిలో ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) టోర్నమెంట్ సెమీఫైనల్ దీనికి మంచి ఉదాహరణ. 17-14 రికార్డుతో (17 గెలుపులు, 14 ఓటములతో) కాన్ఫరెన్స్‌లో పదో స్థానంలో నిలిచిన నార్త్ కరోలినా స్టేట్ ఆ రోజు వర్జీనియాకు 3 పాయింట్లు వెనుకబడి ఉంది. వర్జీనియా ఆటగాడు వన్ అండ్ వన్‌లో (మొదటిది పడితేనే రెండోది దక్కే అవకాశంలో) మొదటి ఫ్రీ త్రోను తప్పాడు. వర్జీనియా ఫౌల్ చేయలేదు, మైకేల్ ఓకానెల్ దూరం నుంచి విసిరిన బంతి సమయం ముగిసే క్షణంలో బోర్డును తాకి లోపల పడింది. అదనపు సమయంలో గెలిచిన నార్త్ కరోలినా స్టేట్ మరునాడు నార్త్ కరోలినాను ఓడించి ఐదు రోజుల్లో ఐదో విజయంతో టైటిల్ అందుకుంది, ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో 11వ సీడ్‌గా (నాలుగు విభాగాల్లో ఒక్కోదానిలో బలాన్ని బట్టి 1 నుంచి 16 వరకు ఇచ్చే స్థానం సీడ్) చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్ దాకా వెళ్లింది. కోచ్ కెవిన్ కీట్స్ ఒప్పందం పొడిగించబడింది. ఏడాది తిరిగేసరికి జట్టు 12-19తో ముగించగా ఆయన్ను తొలగించారు. ఆ ఫ్రీ త్రో పడి ఉంటే 2024లో ఆయన గురించి వచ్చే మాటలు పూర్తిగా వేరుగా ఉండేవి, కోచ్‌గా ఆయన మాత్రం అదే మనిషి. మార్చిలో తొమ్మిది వరుస విజయాలు అబద్ధమని నేను అనను, వాటిని అంతకుముందున్న 31 మ్యాచ్‌ల పక్కన పెట్టి చదవాలంటాను.

సీజన్ మధ్యలో వచ్చే పతనాలను చదవడంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2022-23లో డాన్ హర్లీ శిక్షణలోని కనెటికట్ 14-0తో మొదలుపెట్టి, ఆ తరువాత ఎనిమిది మ్యాచ్‌లలో ఆరు ఓడింది. జనవరి చివర్లో ఆ జట్టు పని అయిపోయిందన్నవారికి కొదువ లేదు. అయితే ఆ ఓటములు ఎక్కువగా తమ కాన్ఫరెన్స్ బిగ్ ఈస్ట్‌లోని బలమైన ప్రత్యర్థుల చేతిలో వచ్చినవి, సర్దుబాటు చేసిన సామర్థ్య పట్టికల్లో జట్టు స్థానం గెలుపోటముల పట్టికలో పడినంతగా పడలేదు. నాలుగో సీడ్‌గా టోర్నమెంట్‌లో అడుగుపెట్టి, ఆరు మ్యాచ్‌లనూ 13 పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ తేడాతో గెలిచి విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది మళ్లీ గెలిచింది. పతనం కనిపించినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి: అంచనా తేడాకు, అసలు తేడాకు మధ్య దూరం పెరిగిందా, నాలుగు అంశాలలో ఏదైనా ఒకటి నిలకడగా పడిపోయిందా, ఎవరైనా గాయంతో బయట ఉన్నారా, కోచ్ ఏదైనా మార్చి చూశాడా? చివరి ప్రశ్నకు జవాబు ‘లేదు’ అయితే ఆందోళన పడటం సబబే. ఒకే ఐదుగురితో, ఒకే పద్ధతిలో, ఆరో ఓటమి దాకా వెళ్లిన కోచ్‌కు ఓపిక ఉందా, ఆలోచన లేదా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

ఆటగాళ్ల ఎదుగుదల అన్నింటికంటే నమ్మదగిన సాక్ష్యం, కానీ దాన్ని తీరికగా చూడాలి. మొదటి ఏడాది ఆటగాడి టర్నోవర్ శాతాన్ని నవంబరులో చిన్న జట్లపైన ఒకసారి, ఫిబ్రవరిలో కాన్ఫరెన్స్ ప్రత్యర్థులపైన ఒకసారి చూసి, పెరిగిందని నిరాశపడకూడదు. ప్రత్యర్థుల స్థాయి పెరిగింది కదా. కాన్ఫరెన్స్‌లో ఒకే జట్టుతో రెండుసార్లు ఆడే మ్యాచ్‌లుంటాయి. జనవరిలో ఆడినదాన్ని ఫిబ్రవరి చివర్లో ఆడినదానితో పోల్చితే ఇద్దరు కోచ్‌లలో ఎవరి జట్టు ఎక్కువ నేర్చుకుందో తేటతెల్లమవుతుంది. మహిళల విభాగంలో 2023-24 నాటి సౌత్ కరోలినా ఈ కోణంలో అరుదైన ఉదాహరణ. అంతకుముందు ఏడాది మొదటి ఐదుగురూ వెళ్లిపోగా, డాన్ స్టేలీ కొత్త ఐదుగురితో 38-0తో టైటిల్ గెలిచింది. బెంచి మీద ప్రతిభావంతులున్నారన్నది నిజమే, అయినా వారు ఆడవలసిన సమయానికి సిద్ధంగా ఉండటం అంతకుముందు ఏళ్లలో జరిగిన పని. నిరుడు బెంచి నుంచి వచ్చి పది నిమిషాలు ఆడినవారు ఈ ఏడాది ఎలా ఆడుతున్నారన్నది మీ పుస్తకంలో ఒక పేజీ ఆక్రమించాలి.

లెక్కలోకి తీసుకోకూడనివీ కొన్ని ఉన్నాయి. గీత పక్కన కోచ్ ప్రవర్తన వాటిలో మొదటిది. యూసీఎల్‌ఏకు 12 ఏళ్లలో 10 టైటిల్‌లు గెలిపించిన జాన్ వుడెన్ చుట్టిన కాగితాన్ని చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. ఇండియానాకు మూడు టైటిల్‌లు తెచ్చిన బాబ్ నైట్ 1985లో కోర్టులోకి కుర్చీ విసిరాడు. ఎవరు అరిచారు, ఎవరు అరవలేదు అన్నదాన్ని బట్టి ఆటను గురించి ఏమీ తెలియదు. విలేఖరుల సమావేశంలో మాటలు కూడా అంతే. అసోసియేటెడ్ ప్రెస్ ఏటా ప్రకటించే ఉత్తమ కోచ్ పురస్కారానికి ఓట్లు ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు ముందే పడతాయన్నది మంచి సంగతే. కానీ ఇలాంటి పురస్కారాలు సాధారణంగా అంచనాలను మించినవారికి దక్కుతాయి, ఆ అంచనాలే తప్పయి ఉండవచ్చన్నది ఎవరికీ గుర్తుండదు. ప్రతి ఏడాదీ మొదటి పదిలో ఉంటుందని అందరూ అనుకునే జట్టును ప్రతి ఏడాదీ అక్కడే నిలిపే కోచ్‌కు ఆ లెక్కలో చోటే ఉండదు.

మార్చిలో ఒక్క ఓటమితో ఇంటికి పోవలసిన టోర్నమెంట్ వస్తుంది. 68 జట్లతో జరిగే ఆ పోటీని చూసి తీర్పు చెప్పడం అందరికీ ఇష్టమే. 2018లో మొదటి సీడ్‌లలోనే మొదటిదైన వర్జీనియా, 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడింది. పురుషుల టోర్నమెంట్‌లో అంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదు. బెనెట్ పద్ధతి మార్చికి పనికిరాదన్నారు. మరుసటి ఏడాది అదే నెమ్మది ఆటతో, ఆటగాళ్లను రింగ్ వైపు కుదించి నిలిపే అదే ప్యాక్ లైన్ రక్షణతో వర్జీనియా విజేత అయింది. ఆ దారిలో పర్డూపై సమయం ముగిసే క్షణంలో పడిన షాట్ వల్ల అదనపు సమయం దక్కింది, ఆబర్న్‌పై 0.6 సెకన్లు మిగిలి ఉండగా కైల్ గై మూడు ఫ్రీ త్రోలూ వేయడంతో 63-62తో బయటపడింది. పర్డూ కోచ్ మాట్ పెయింటర్ కథ కూడా ఇలాంటిదే, 2023లో 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో ఓడిన ఆయన 2024లో ఫైనల్ దాకా వెళ్లాడు. టోర్నమెంట్ మ్యాచ్‌లకు మీ పుస్తకంలో మిగతా మ్యాచ్‌లకు ఇచ్చినంత బరువే ఇవ్వండి. సన్నాహం, మార్పులు, చివరి నిమిషం అన్న మూడు అంశాలపై మాత్రం ప్రత్యేకంగా రాసుకోండి, ఎందుకంటే కొత్త ప్రత్యర్థిని ఒకటి రెండు రోజుల్లో చదివి సిద్ధం కావలసిన పరిస్థితి అక్కడే వస్తుంది.

ఒక సీజన్ తీర్పు ఎంతవరకు చెల్లుతుందో తెలియాలంటే డ్యూక్ చరిత్ర చూడాలి. 1980లో వచ్చిన మైక్ షెషెవ్‌స్కీ మొదటి మూడు సీజన్‌లలో 17-13, 10-17, 11-17 రికార్డులతో ముగించాడు. మూడో సీజన్ చివరి మ్యాచ్‌లో వర్జీనియా చేతిలో 109-66తో ఓడాడు. తొలగించాలన్న ఒత్తిడి ఉన్నా అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ ఆయన్నే ఉంచాడు. ఆ మూడో జట్టులో ఎక్కువ నిమిషాలు ఆడినవారిలో జానీ డాకిన్స్ వంటి మొదటి ఏడాది ఆటగాళ్లున్నారు. 1986లో ఆ ఆటగాళ్ల బృందమే ఫైనల్‌కు చేరింది, ఆ తరువాత ఆయన ఐదు టైటిల్‌లు గెలిచాడు. ఓడిన ప్రతి కోచ్‌నూ ఈ కథ చెప్పి కాపాడటం కూడా అన్యాయమే. 11-17తో ముగించినవారిలో అత్యధికులు షెషెవ్‌స్కీలు కారు. రికార్డును పక్కన పెట్టి, ఎవరు ఆడి ఓడారు అని అడగడమే ఇక్కడ పాటించవలసిన పద్ధతి. నాలుగో ఏడాది ఆటగాళ్లతో 11-17 అయితే ఒక తీర్పు, మొదటి ఏడాదివారితో అయితే మరొక తీర్పు. కొత్తగా వచ్చిన కోచ్‌కు మొదటి సీజన్‌లో ఎంపికకు మార్కులు వేయకుండా, ఉన్నవారితో ఏం చేశాడన్నదే చూడాలి. రెండో సీజన్ నుంచి రెండూ కలపవచ్చు.

సీజన్ మధ్యలోనే తొలగించాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఒప్పందం మధ్యలో తెంచుకుంటే చెల్లించవలసిన బైఅవుట్ ఎంత, బదులు ఎవరు దొరుకుతారు అన్నవి అథ్లెటిక్ డైరెక్టర్ చూసుకోవలసిన సంగతులు. అవి కోచ్ పనితీరుకు సంబంధించినవి కావు కాబట్టి అంచనాలో చేర్చకండి. మీ పుస్తకంలో చివరి పేజీని మాత్రం ఆఖరి మ్యాచ్ తరువాత కొన్ని వారాలు ఖాళీగా ఉంచండి. పోర్టల్‌లోకి ఎవరు వెళ్లారో తెలిశాక దాన్ని నింపాలి. బెంచి చివరన కూర్చున్నవారు ఆట కోసం వేరే చోటికి పోవడం మామూలే. ఎక్కువ డబ్బు ఇచ్చే చోటికి పోయినవారి పేర్ల పక్కన ఆ కారణమే రాయండి. కానీ ఫిబ్రవరి నుంచి నిమిషాలు పెరిగి, పాత్ర పెరిగి, జట్టుకు ఆధారమైన ఇద్దరు ముగ్గురు అదే స్థాయి కాలేజీలకు, అంతకంటే మెరుగైనదేమీ దొరకకుండానే మారిపోతే, స్కోరు పట్టికలో ఎక్కడా కనిపించనిదేదో ఆ శిక్షణ గదిలో ఉందని గుర్తించి, వచ్చే నవంబరులో రాయబోయే అంచనాను ఆ మేరకు తగ్గించుకోవాలి.